నాటకం నుంచి తెర దాకా: నటనను వృత్తిగా ఎంచుకునేవారికి

నటుడు కావాలనుకునేవారు మొదట అడిగే ప్రశ్న "అవకాశం ఎలా వస్తుంది?" అని. చాలా ఏళ్లు పరిషత్తు నాటకాలలో (ఊరూరా జరిగే నాటక పోటీలలో) ఆడి, ఆ తర్వాత సినిమాలలో చిన్నా పెద్దా వేషాలు వేసిన అనుభవంతో, దానికంటే ముందు మరొక ప్రశ్న వేసుకోమని చెబుతాను: వేషం లేని రోజున మీరు ఏం చేస్తారు? కాస్త పేరున్న క్యారెక్టర్ ఆర్టిస్టులలో కూడా చాలామందికి ఏడాదిలో కెమెరా ముందు నిలబడే రోజులకంటే ఇంట్లో ఫోను కోసం ఎదురుచూసే రోజులే ఎక్కువ. ఆ రోజుల్లో గొంతును, ఒంటిని, ధారణను, ఇంటి ఖర్చును చెక్కుచెదరకుండా కాపాడుకోగలిగినవారే పదేళ్ల తర్వాత కూడా ఈ రంగంలో కనిపిస్తారు. అందుకే ఈ వ్యాసంలో ఆడిషన్ల గురించి చెప్పే ముందు, ఆడిషన్‌కు వెళ్లేనాటికి మీ దగ్గర ఏముండాలో చెబుతాను.

తెలుగులో తెరకు నటులను ఇచ్చింది మొదటినుంచీ రంగస్థలమే. 1932 ఫిబ్రవరి 6న విడుదలైన తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' అప్పటికే ఊరూరా ఆడుతున్న నాటకం ఆధారంగా తయారైంది. అందులో లీలావతి పాత్ర ధరించిన సురభి కమలాబాయి నాటక కుటుంబంలో పుట్టి, రంగస్థలం మీదే పెరిగినవారు. ఎస్.వి. రంగారావు, అంజలీదేవి కాకినాడలోని యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్ నాటకాలలో ఆరితేరి సినిమాకు వచ్చారు. అల్లు రామలింగయ్య, మిక్కిలినేని వామపక్ష కళా సంస్థ అయిన ప్రజానాట్యమండలి నుంచి వచ్చారు. ఇప్పుడు లఘుచిత్రాల ద్వారా, యూట్యూబ్ ద్వారా, రంగస్థలం ముఖం చూడకుండానే నేరుగా తెరకెక్కేవారు చాలామంది ఉన్నారు, వారిలో మంచి నటులూ ఉన్నారు. కానీ ఒక పాత్రను మొదటినుంచి చివరిదాకా ఒకే ఊపిరిలో మోయడం, ఎదుట కూర్చున్న మూడు వందల మంది ఏ మాట దగ్గర చెవి ఇటు పెట్టారో, ఏ మాట దగ్గర కుర్చీలో కదిలారో అప్పటికప్పుడు తెలుసుకోవడం నాటకం నేర్పినట్టు మరేదీ నేర్పదు. కాబట్టి దారి రంగస్థలంతోనే మొదలుపెట్టమని నా సలహా.

ముందు బతుకుదెరువు

ఈ మాట కొందరికి నిరుత్సాహంగా తోచవచ్చు. కానీ మన నాటకరంగ చరిత్ర చూస్తే, మహానటులలో చాలామందికి మరొక వృత్తి ఉండేది. బళ్లారి రాఘవ న్యాయవాది. కోట శ్రీనివాసరావు బ్యాంకు ఉద్యోగం చేస్తూ నాటకాలు ఆడారు, తాను ఆడిన నాటకం 'ప్రాణం ఖరీదు' 1978లో సినిమాగా వచ్చినప్పుడు అందులోనే తొలిసారి తెర మీద కనిపించారు. జయప్రకాశ్ రెడ్డి బడిపంతులుగా పనిచేస్తూ దశాబ్దాల పాటు నాటకాన్ని వదలలేదు, ఆయనకు తెర మీద స్థిరమైన గుర్తింపు వచ్చింది 1990లు సగం దాటిన తర్వాతే. బ్రహ్మానందం అత్తిలిలో తెలుగు అధ్యాపకులు. వీరెవరూ నటనను సరదాగా తీసుకోలేదు. ఇంట్లో పొయ్యి వెలగడానికి వేషం మీద ఆధారపడే అవసరం లేకపోవడం వల్లే పాత్ర కోసం నిదానంగా తయారయ్యే వెసులుబాటు వారికి దక్కింది.

ఇప్పటి యువతకు బ్యాంకు ఉద్యోగం చేస్తూ సాయంత్రాలు రిహార్సల్‌కు వెళ్లే వీలు అంతగా లేదన్నది నిజమే. సినిమా ఆడిషన్లు ఎక్కువగా పగటిపూటే జరుగుతాయి, షూటింగ్ కబురు ముందురోజు రాత్రి వస్తుంది. అందువల్ల వేళలు మార్చుకోవడానికి వీలుండే పని చూసుకోవడం మేలు: ట్యూషన్లు చెప్పడం, అనువాదం, వీడియో ఎడిటింగ్, కుటుంబ వ్యాపారంలో చేయి వేయడం, అన్నిటికంటే నటనకు దగ్గరగా ఉండే గొంతు పని. ఇతర భాషల సీరియళ్లు, సినిమాలు, వెబ్ సిరీస్‌లు తెలుగులోకి డబ్బింగ్ అవుతున్నాయి గనుక, స్పష్టమైన ఉచ్చారణ ఉన్నవారికి డబ్బింగ్ థియేటర్లలో పని దొరుకుతుంది. పొరుగువాడి పెదవుల కదలికకు మన మాటను అతికించే ఆ పని, తర్వాత మన పాత్రకు మనమే డబ్బింగ్ చెప్పుకోవలసి వచ్చినప్పుడు ఎంతగా అక్కరకు వస్తుందో చేసి చూసినవారికే తెలుసు.

హైదరాబాదుకు మకాం మార్చదలచినవారు కనీసం ఏడాది పాటు అద్దెకు, భోజనానికి సరిపడే సొమ్ము చేతిలో ఉంచుకుని రావాలి. కృష్ణానగర్‌లో నలుగురైదుగురు కలిసి ఒక గదిలో ఉంటూ ఆడిషన్ల కోసం తిరిగే కుర్రవాళ్లను ఎందరినో చూశాను. వారిలో ప్రతిభ లేక వెనుదిరిగినవారికంటే, ఆరో నెలకు డబ్బు అయిపోయి, ఆ ఆందోళన ముఖంలో కనబడి, ఆడిషన్లలో తేలిపోయినవారే ఎక్కువ. ఆకలితో ఉన్నవాడు ఆకలిగొన్న పాత్రను బాగా చేస్తాడనుకోవడం పొరపాటు, వాడికి సంభాషణ గుర్తుండదు.

సమాజంలో చేరడం

నాటక సమాజాలు మన రెండు రాష్ట్రాలలోనూ పట్టణ పట్టణానా ఉన్నాయి. తెనాలి, గుంటూరు, విజయవాడ, కాకినాడ, విశాఖపట్నం, ప్రొద్దుటూరు వంటి చోట్ల పరిషత్తు పోటీలకు ఏటా నాటికలు తయారుచేసుకునే బృందాలు దొరుకుతాయి. హైదరాబాదులో రవీంద్రభారతిలోనో, చిక్కడపల్లి త్యాగరాయ గానసభలోనో ప్రదర్శన చూసి, అయిపోయాక లోపలికి వెళ్లి దర్శకుడికి నమస్కారం చేసి, "అయ్యా, మీ దగ్గర పని నేర్చుకోవాలని ఉంది" అని అడిగితే చాలు. "వేషం ఇస్తారా" అని అడగవద్దు. బంజారాహిల్స్‌లోని లామకాన్ వంటి వేదికలలో ఆధునిక నాటకాలు, ఇంగ్లిషు, హిందీ, ఉర్దూ ప్రదర్శనలు కూడా జరుగుతాయి. అవీ చూడాలి. ఒక భాషలోనే ఒక పద్ధతిలోనే ఆడినవారికి తమ అలవాట్లే నటన అనిపించే ప్రమాదం ఉంది.

సమాజంలో చేరిన కొత్తలో వేషం రాదు. సెట్టు మోయాలి, కర్టెన్ లాగాలి, ప్రాంప్టింగ్ చెప్పాలి (నటులకు పక్కనుంచి మాట అందించాలి), లైటింగ్ చూసే మనిషి పక్కన నిలబడి గుర్తులు రాసుకోవాలి. దీన్ని చాకిరీ అనుకుని రెండు నెలలకే మానేసేవారు తెలియక నష్టపోతున్నారు. ప్రాంప్టర్‌గా కూర్చున్నవాడికి నాటకమంతా కంఠతా వస్తుంది. ఏ నటుడు ఎక్కడ మాట మరిచిపోతాడో, మరిచిపోయినప్పుడు ఎదుటి నటుడు ఎలా ఆదుకుంటాడో, ఒకే సంభాషణ సోమవారం రిహార్సల్‌లో నిలిచి బుధవారం ఎందుకు జారిపోయిందో వాడికే తెలుస్తుంది. నాకు మొదటి వేషం కూడా అలాగే వచ్చింది: ఒక నటుడికి జ్వరం వచ్చిన రోజున ఆ పోర్షన్ మొత్తం నోటికి వచ్చినవాడిని నేనొక్కడినే ఉన్నాను.

పరిషత్తు నాటిక సుమారు గంటసేపు నడుస్తుంది. ఒక బృందం ఒకే నాటికను ఏడాది పొడవునా వేర్వేరు ఊళ్లలో ఆడుతుంది. కొత్త నటుడికి ఇందులో ఉన్న లాభం ఇంతింత కాదు. అదే పాత్రను పది ఊళ్లలో పది రకాల ప్రేక్షకుల ముందు ఆడుతూ, ఒక చోట నవ్వు పండిన మాట మరొక చోట ఎందుకు పండలేదో ఆలోచించి, మాటకు ముందు ఆగే క్షణాన్ని కొంచెం పెంచి, కొంచెం తగ్గించి చూసుకునే అవకాశం సినిమాలో ఎన్నటికీ రాదు. అయితే పోటీలకు ఒక దోషమూ ఉంది, దాన్నీ చెప్పాలి. న్యాయనిర్ణేతల దృష్టిలో పడాలనే తపనతో కొందరు నటులు ప్రతి సంభాషణనూ అరుపుగానో ఏడుపుగానో మార్చేస్తారు. ఉత్తమ నటుడి బహుమతి అలా వచ్చినా, ఆ అలవాటు కెమెరా ముందు మెడకు చుట్టుకుంటుంది.

డబ్బు విషయానికి వస్తే, ఈ సమాజాలలో పురుషులు చాలావరకు చేతి సొమ్ము పెట్టుకుని ఆడేవారే. నటీమణులకు మాత్రం ప్రదర్శనకు ఇంత అని ఇచ్చే ఆనవాయితీ ఉంది. స్థానం నరసింహారావు వంటి పురుషులే స్త్రీ పాత్రలు ధరించిన కాలంలో, స్త్రీ పాత్రలు స్త్రీలే వేయాలని పట్టుబట్టి వారిని ప్రోత్సహించినవారు బళ్లారి రాఘవ. ఇన్నేళ్ల తర్వాత కూడా నాటకాలకు వచ్చే స్త్రీలు తక్కువే. అందుచేత నిలకడగా పనిచేసే నటికి ఒకేసారి రెండు మూడు బృందాల నుంచి పిలుపు వస్తుంది. ప్రయాణాలు, రాత్రి ప్రదర్శనలు, బస విషయంలో బృందం ఏం ఏర్పాటు చేస్తుందో ఒప్పుకునే ముందే స్పష్టంగా అడగడం ఆమె హక్కు. అడిగితే చిన్నబుచ్చుకునే బృందంలో చేరకపోవడమే క్షేమం.

గొంతు, మాట, యాస

నాట్యశాస్త్రం అభినయాన్ని ఆంగికం (ఒంటి కదలిక), వాచికం (మాట), ఆహార్యం (వేషధారణ), సాత్వికం (లోపలి భావం) అని నాలుగుగా చెప్పింది. నా అనుభవంలో తెలుగు నటుడు ముందుగా సాధించవలసింది వాచికం. ఇప్పుడు తెరకు వస్తున్న యువకులలో ముఖకవళికలు చక్కగా పలికించేవారు కూడా 'ళ'కూ 'ల'కూ, 'ణ'కూ 'న'కూ తేడా లేకుండా మాట్లాడటం, ఒత్తులు మింగేయడం చూస్తే బాధ కలుగుతుంది. దీనికి మందు పద్యమే. పద్యనాటకంలో వేషం వేయకపోయినా ఫరవాలేదు. రోజూ ఉదయం తిరుపతి వేంకటకవుల పద్యాలో, పోతన పద్యాలో పది గొంతెత్తి చదవండి. రాగం రాకపోయినా, అన్వయం చెడకుండా, అర్థం తెగకుండా, పాదం చివర ఊపిరి అందేటట్టు చదవడమే సాధన. పద్యం మధ్యలో ఎక్కడ ఊపిరి తీసుకోవాలో తెలిసినవాడికి పేజీన్నర సంభాషణ భయపెట్టదు.

పద్యంతోపాటు వచనం కూడా గట్టిగా చదవాలి. గురజాడ 'కన్యాశుల్కం' 1892లో తొలిసారి ప్రదర్శితమైంది, ఇప్పుడు మనం చదువుకునే రూపం 1909 నాటిది. అందులో గిరీశం, మధురవాణి, రామప్పంతులు, అగ్నిహోత్రావధాన్లు ఒక్కొక్కరు ఒక్కొక్క తీరున మాట్లాడతారు. ఒక్కరే కూర్చుని నలుగురి మాటలూ చదువుతూ, పాత్ర మారినప్పుడు గొంతు మార్చకుండా మాట నడకను మాత్రమే మార్చి వినేవారికి తేడా తెలిసేటట్టు చేయగలిగితే మీ వాచికం ఒక స్థాయికి చేరినట్టే.

యాసను విడిగా అభ్యసించాలి. ఉత్తరాంధ్ర, గోదావరి, నెల్లూరు, రాయలసీమ, తెలంగాణ మాటతీరులలో మీ సొంతది పోగా మరో రెండైనా నిజంగా రావాలి. క్రియ చివర మార్చినంత మాత్రాన యాస రాదు. జయప్రకాశ్ రెడ్డి తెర మీద పలికిన రాయలసీమ మాటలో ఊళ్లో పెద్దమనుషులు కోపాన్ని అణచుకుని మాట్లాడే తీరు, బెదిరింపులో కూడా వినిపించే మర్యాద ఉండేవి. అలా పట్టుబడాలంటే ఆ ప్రాంతపు సంతలో, బస్టాండులో, హోటల్లో కూర్చుని వినాలి. విన్నది ఇంటికి వచ్చి రాసుకోవాలి. తెలంగాణ జీవితాన్ని తెలంగాణ మాటలోనే చెప్పే సినిమాలు ఈ పదేళ్లలో ఎక్కువయ్యాయి, వాటి వల్ల ఆ ప్రాంత రంగస్థల నటులకు, జానపద కళాకారులకు మంచి వేషాలు దక్కాయి. కాబట్టి మీ ఊరి మాటను దాచుకోవలసిన పని లేదు, అది మీ మూలధనం.

ఆకాశవాణి నాటక విభాగం నిర్వహించే ఆడిషన్‌లో నెగ్గి గ్రేడు తెచ్చుకోవడం ఇప్పటికీ మంచి గురుకులవాసం లాంటిది. ముఖం కనబడని చోట కోపాన్ని, జాలిని, అబద్ధాన్ని మాటతోనే చూపించవలసి రావడంతో గొంతులో ఉన్న లోపాలన్నీ బయటపడతాయి.

చదువుకునే చోట్లు

నటనలో పద్ధతి ప్రకారం శిక్షణ కావాలనుకునేవారికి ఢిల్లీలోని జాతీయ నాటక పాఠశాల మొదట చెప్పుకోదగినది. 1959లో సంగీత నాటక అకాడమీ ఆధ్వర్యంలో మొదలైన ఈ సంస్థ 1975లో స్వతంత్ర సంస్థ అయింది. కోర్సు మూడేళ్లు. డిగ్రీతోపాటు నాటకాలలో పాల్గొన్న అనుభవం, హిందీ, ఇంగ్లిషు భాషలలో పని జరుపుకోగల పరిచయం ఉండాలి. సమాజంలో చేరి ఆడిన నాటకాలకు ఇక్కడ విలువ కనిపిస్తుంది. పుణెలో 1960లో ఏర్పడిన ఫిల్మ్ అండ్ టెలివిజన్ ఇన్‌స్టిట్యూట్‌లో తెర నటనకు ప్రత్యేకంగా కోర్సు ఉంది. మన దగ్గర హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో రంగస్థల కళల శాఖ, తెలుగు విశ్వవిద్యాలయంలోనూ, విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనూ రంగస్థల కోర్సులు ఉన్నాయి. వీటిలో ఫీజులు ప్రైవేటు శిక్షణాలయాలతో పోలిస్తే బాగా తక్కువ. 18 నుంచి 25 ఏళ్ల లోపు యువ కళాకారులకు కేంద్ర సాంస్కృతిక శాఖ రెండేళ్లపాటు నెలకు 5,000 రూపాయలు ఇచ్చే ఉపకార వేతనం నాటకానికి కూడా వర్తిస్తుంది. దీనికి దరఖాస్తు చేసుకునే తెలుగు పిల్లలు ఇంకా పెరగాలి.

ప్రైవేటు శిక్షణాలయాలలో మంచివి లేకపోలేదు. చేరేముందు మాత్రం అక్కడ నటన చెప్పేవారు ఎవరో, వారు ఏయే నాటకాలు, సినిమాలు చేశారో చూడండి. ఒక తరగతిలో కూర్చోనిమ్మని అడగండి. "కోర్సు పూర్తి చేస్తే వేషం ఖాయం" అని ఎవరైనా చెబితే అక్కడినుంచి లేచి రండి.

కెమెరా ముందు

రంగస్థలం మీద పదేళ్లు నిలదొక్కుకున్న నటుడు మొదటిరోజు కెమెరా ముందు తడబడటం చాలా మామూలు విషయం. దానికి కారణాలు ఉన్నాయి.

నాటకంలో చివరి వరుసలో కూర్చున్నవారి దాకా మాట, చూపు, సంజ్ఞ చేరాలి. క్లోజప్‌లో ప్రేక్షకుడు మీ ముక్కుకు జానెడు దూరంలో ఉంటాడు. అక్కడ కనుబొమ్మ ఎత్తితే అది రంగస్థలం మీద రెండు చేతులూ పైకెత్తినంత అవుతుంది. కాబట్టి మొదట నేర్చుకోవలసింది షాట్ పరిమాణం అడిగి తెలుసుకోవడం. కెమెరా అసిస్టెంట్‌ను మర్యాదగా "ఫ్రేమ్ ఎంతవరకు ఉంది?" అని అడిగితే ఎవరూ తప్పుపట్టరు. నడుము దాకా ఉంటే చేతులకు పని ఉంటుంది, ముఖం ఒక్కటే ఉంటే ఆలోచనే పని. నాటకంలో మనం భావాన్ని పంపిస్తాం, తెర మీద కెమెరా వచ్చి తీసుకుంటుంది. ఈ తేడా ఒంటికి పట్టడానికి నాకు నాలుగైదు సినిమాలు పట్టింది.

రెండో కష్టం వరుస. నాటకం మొదటి రంగంతో మొదలై చివరి రంగంతో ముగుస్తుంది. షూటింగ్‌లో మొదటిరోజే పాత్ర చనిపోవచ్చు, పదోరోజున దాని పెళ్లి జరగవచ్చు. దీనికి ఒకటే ఉపాయం. కథలో మీ పాత్ర ఉన్న సీన్లన్నీ నంబర్ల ప్రకారం ఒక నోటుపుస్తకంలో రాసుకుని, ప్రతి సీనుకూ ముందు పాత్రకు ఏం జరిగిందో, అది ఎక్కడినుంచి వస్తున్నదో, ఎవరి మీద కోపంగా ఉన్నదో రెండు వాక్యాలలో రాసుకోవాలి. చిన్న వేషాలకు స్క్రిప్టు చేతికి ఇవ్వరు. అలాంటప్పుడు కో-డైరెక్టర్‌ను గానీ అసిస్టెంట్ డైరెక్టర్‌ను గానీ అడిగి ముందూ వెనుకా తెలుసుకోవాలి. కంటిన్యూటీ కూడా ఇందులో భాగమే: సీనంతా ఒకేసారి తీసే మాస్టర్ షాట్‌లో ఏ మాట దగ్గర కాఫీ గ్లాసు ఎత్తారో, క్లోజప్‌లోనూ అదే మాట దగ్గర ఎత్తాలి. నాటకాల వాళ్లకు మూవ్‌మెంట్లు మాటలతో ముడివేసుకునే అలవాటు ఉంటుంది గనుక ఈ ఒక్క విషయంలో వారు త్వరగా కుదురుకుంటారు.

టెలివిజన్ సీరియళ్లలో పక్కనుంచి ప్రాంప్టింగ్ చెబుతూ ఉంటే విని పలికే పద్ధతి విస్తారంగా ఉంది. రోజుకు తీయవలసిన సీన్లు ఎక్కువ కాబట్టి అది తప్పదు. కానీ ఆ అలవాటు ముదిరితే నటుడి కళ్లలో ఎదుటివారి మాట వింటున్న జీవం పోయి, ప్రాంప్టర్ గొంతు కోసం చెవి ఒగ్గిన శూన్యం కనిపిస్తుంది. సీరియల్ చేస్తున్నా సరే, మేకప్ వేసుకునే సమయంలోనైనా ఆనాటి కాగితాలు తీసుకుని సంభాషణ నోటికి పట్టండి. ప్రాంప్టింగ్‌ను మరపు వచ్చినప్పుడు ఆదుకునే ఊతకర్రగా మాత్రమే ఉంచుకోండి.

ఇంట్లో చేసుకోదగిన సాధన ఒకటి చెబుతాను. ఫోనును కంటి ఎత్తులో నిలబెట్టి, ఒకే పది వాక్యాల సంభాషణను మూడుసార్లు రికార్డు చేయండి: మొదటిసారి మోకాళ్ల దాకా కనబడేటట్టు, రెండోసారి ఛాతీ దాకా, మూడోసారి ముఖం మాత్రమే. తర్వాత శబ్దం పూర్తిగా తగ్గించి చూడండి. మాట వినబడకపోయినా ఆలోచన ఎక్కడ మారిందో కనిపిస్తే షాట్ బాగున్నట్టు. ఆ తర్వాత తెర వైపు చూడకుండా శబ్దం మాత్రమే వినండి. వారానికి మూడు రోజులు చొప్పున ఆరు నెలలు ఇలా చేస్తే, డబ్బు కట్టి నేర్చుకునే చాలా విషయాలు మీకే తెలిసివస్తాయి.

ఆడిషన్లు

ఫోటోల కోసం వేలకు వేలు ఖర్చు చేయనక్కరలేదు. పగటి వెలుతురులో, సాదా గోడ ముందు, మేకప్ లేకుండా, ముఖం, పక్క చూపు, నిలువెత్తు రూపం కనబడే నాలుగు ఫోటోలు చాలు. గడ్డం ఉన్నప్పుడు, లేనప్పుడు తీసినవి విడివిడిగా ఉంచుకోండి. పేరు, వయసు, ఎత్తు, సొంత ఊరు, వచ్చిన భాషలు, యాసలు, ఆడిన నాటకాలు చెబుతూ నిమిషం లోపు పరిచయ వీడియో ఒకటి, రెండు భిన్నమైన పాత్రల సంభాషణలు ఉన్న వీడియోలు రెండు తయారుగా ఉంచుకోవాలి. అందరికీ తెలిసిన సినిమా డైలాగులు చెప్పకండి, చూసేవారికి అసలు నటుడే గుర్తొస్తాడు. మీరు ఆడిన నాటకంలోదో, మీరు రాసుకున్నదో చెప్పండి. ఫోనులో చిత్రీకరించి పంపేటప్పుడు ఎదుటి పాత్ర మాటలు చెప్పే మనిషిని కెమెరా పక్కనే నిలబెట్టుకోండి, చూపుకు ఒక ఆధారం ఉంటుంది.

తెలుగు సినిమాలో సహాయ పాత్రల ఎంపిక చాలావరకు కో-డైరెక్టర్లు, క్యాస్టింగ్ డైరెక్టర్లు, మేనేజర్ల ద్వారా జరుగుతుంది. మీ ఫోటోలు, వీడియోలు వారికి పంపాక పదేపదే ఫోన్లు చేయడం కంటే, రెండు నెలలకొకసారి కొత్త నాటకం గురించో, చేసిన వేషం గురించో ఒక్క సందేశం పంపడం మంచిది. "నేను ఖాళీగా ఉన్నాను" అన్న సందేశానికీ "ఈ నెల 14న త్యాగరాయ గానసభలో నా నాటిక ఉంది, వీలైతే రండి" అన్న సందేశానికీ ఉన్న తేడా ఊహించండి. వచ్చేవారు పదిమందిలో ఒక్కరే కావచ్చు. నాకు గుర్తింపు తెచ్చిన పాత్ర అలా వచ్చిన ఒక్క మనిషి వల్లే వచ్చింది.

ఆడిషన్‌లో సంభాషణ కాగితం ఇచ్చి కొద్ది నిమిషాల సమయం ఇస్తారు. ఆ సమయంలో కంఠతా పట్టాలని ఆత్రపడకుండా, ఈ మనిషి ఎదుటివారి నుంచి ఏం కోరుతున్నాడో తేల్చుకోండి. ఒకసారి చెప్పాక "ఇంకోలా చేయండి" అంటారు. మొదటిది బాగాలేదని దాని అర్థం కాదు, మీరు చెప్పింది వినగలరా లేదా అన్నది వారు చూస్తున్నారు. అక్కడే నటుడి తయారీ తెలిసిపోతుంది.

మోసాల గురించి గట్టిగా చెప్పాలి. ఆడిషన్‌కు గానీ, వేషానికి గానీ డబ్బు అడిగేవారు ఎవరైనా మోసగాళ్లే. రిజిస్ట్రేషన్ అన్నా, కాస్ట్యూమ్ అడ్వాన్స్ అన్నా, యూనియన్ కార్డు ఇప్పిస్తామన్నా ఇవ్వవద్దు. నాటకాలు ఆడే రోజుల్లో నా మిత్రుడొకడు పెద్ద నిర్మాణ సంస్థ పేరు చెప్పుకున్న మధ్యవర్తికి తల్లి గాజులు అమ్మి డబ్బు ఇచ్చాడు. ఆ మధ్యవర్తికి ఆ సంస్థతో ఏ సంబంధమూ లేదని తర్వాత తెలిసింది. మిత్రుడు మళ్లీ రంగస్థలం ఎక్కలేదు. ఆ నష్టం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

అమ్మాయిలు ఆడిషన్‌కు ఆఫీసుకో, స్టూడియోకో పగటిపూట మాత్రమే, తోడు తీసుకుని వెళ్లాలి. హోటల్ గదికి రమ్మంటే వెళ్లవద్దు. పని చోట లైంగిక వేధింపులను అరికట్టే 2013 నాటి చట్టం షూటింగ్ స్థలానికి కూడా వర్తిస్తుంది. సందేశాలు, కాల్ వివరాలు చెరిపివేయకుండా భద్రపరచుకోండి. వేషం పోతుందేమోనన్న భయంతో మౌనంగా ఉండిపోవద్దని, ఒక ఆడపిల్లకు తండ్రిగా కూడా కోరుతున్నాను.

జూనియర్ ఆర్టిస్టుగా చేరవచ్చా అని చాలామంది అడుగుతారు. అది గౌరవమైన పని, రోజుకూలి వస్తుంది, దానికి యూనియన్లు ఉన్నాయి. కానీ గుంపులో నిలబడటం నుంచి మాటలున్న పాత్రకు మెట్లు ఉంటాయనుకుంటే నిరాశే ఎదురవుతుంది. ఆ ఎంపిక వేరు, ఈ ఎంపిక వేరు. సెట్టు ఎలా నడుస్తుందో చూడటానికి కొన్ని రోజులు చేయండి, తర్వాత మీ దారి పట్టండి.

డబ్బు, కాగితాలు, తేదీలు

చిన్న వేషానికైనా పారితోషికం ఎంత, ఎన్ని రోజులు, డబ్బింగ్ దానిలో కలిసిందా, ప్రయాణం, బస ఎవరివి అన్నవి ముందే మాట్లాడుకుని, కనీసం ఒక సందేశం రూపంలోనైనా రాయించుకోండి. డబ్బింగ్‌కు పిలిచే ముందే మిగిలిన సొమ్ము అడగడం పరిశ్రమలో అందరూ ఎరిగిన పద్ధతే, అందులో మొహమాటం అక్కరలేదు. పారితోషికంలో సాధారణంగా 10 శాతం టీడీఎస్ (ముందుగానే పట్టుకునే ఆదాయపు పన్ను) కింద కోస్తారు. ఏటా రిటర్ను దాఖలు చేస్తే, మీ ఆదాయం పన్ను పరిధిలోకి రాకపోతే, ఆ కోత తిరిగి వస్తుంది. కొత్తవారు చాలామంది ఇది తెలియక వదిలేసుకుంటున్నారు. కొన్ని చెప్పుకోదగిన వేషాలు చేశాక, 1993లో ఏర్పడిన మూవీ ఆర్టిస్ట్స్ అసోసియేషన్‌లో సభ్యత్వం గురించి ఆలోచించవచ్చు. మొదటిరోజునే దానికోసం అప్పు చేయవలసిన పని లేదు.

ఒక పాత్ర బాగా పండితే అలాంటివే మరో పది వస్తాయి. తండ్రి వేషం వేసినవాడు తండ్రిగానే, ఎస్సైగా మెప్పించినవాడు ఎస్సైగానే మిగిలిపోవడం పరిశ్రమలో సహజం. మొదటి మూడు నాలుగేళ్లు వచ్చినవన్నీ చేయండి, అద్దె కట్టుకోవాలి కదా. ఆ తర్వాత ఆ మూసను బద్దలు కొట్టుకునే చోటు మళ్లీ రంగస్థలమే. తెర మీద మీకు ఎవరూ ఇవ్వని పాత్రను నాటకంలో మీరే ఎంచుకుని ఆడవచ్చు, దాన్ని చూపించి ఇంకొక రకం వేషం అడగవచ్చు. సినిమాలలో తీరిక లేనంత పేరు వచ్చాక కూడా జయప్రకాశ్ రెడ్డి 'అలెగ్జాండర్' అనే ఏకపాత్ర నాటకాన్ని ఊరూరా తిరిగి ఆడారు. తెర మీద ఆయనను ప్రతినాయకుడిగా, హాస్యనటుడిగా మాత్రమే ఎరిగినవారు ఆ నాటకంలో వేరే నటుణ్ణి చూశారు.

రెండు చోట్లా పనిచేసేటప్పుడు తేదీల విషయంలో ఒక నియమం పెట్టుకోండి. నాటక ప్రదర్శన తేదీ ఖాయమైన రోజునే దాన్ని క్యాలెండరులో రాసుకుని, ఆ నెలలో మీకు పని ఇచ్చిన ప్రతి కో-డైరెక్టర్‌కూ ముందుగా తెలియజేయండి. ప్రదర్శనకు ముందురోజు, ప్రదర్శన రోజు షూటింగ్ ఒప్పుకోవద్దు. సాయంత్రం ఆరుకు వదిలేస్తామన్న షూటింగ్ రాత్రి పదకొండు దాకా సాగితే, అవతల గ్రీన్‌రూమ్‌లో ఆరుగురు మేకప్ వేసుకుని మీకోసం ఎదురుచూస్తూ ఉంటారు. అలా ఒకసారి ఒక బృందాన్ని ఎదురుచూసేటట్టు చేశాను. తెర గంటన్నర ఆలస్యంగా లేచింది, ముందు వరుసలో ఒక పెద్దాయన అప్పటికే లేచి వెళ్లిపోయాడు. అప్పటినుంచి ప్రదర్శన ఉన్న రోజున ఎంత మంచి వేషం వచ్చినా షూటింగ్‌కు తేదీ (కాల్షీట్) ఇవ్వలేదు.